'జన్మపాపం' అన్న మాట: యూద, కతోలిక దృష్టులు

తెలుగు క్రైస్తవ సాహిత్యం చదవబోయే విద్యార్థి తొలి అడుగులోనే తట్టుకొని ఆగే మాట ఒకటి ఉంది. అది 'జన్మపాపం'. కిన్వట్ వైపు విద్యార్థులతో కలిసి ఈ సాహిత్యం చదువుకొనేటప్పుడు ఈ మాటకు అర్థమేమిటని అడిగితే మాకు సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: 'పోయిన జన్మలో చేసిన పాపం'. జవాబు తప్పే. కాని ఆ తప్పుకు విద్యార్థులను నిందించడానికి వీల్లేదు. 'ఏ జన్మలో ఏ పాపం చేసుకొన్నానో' అని కష్టం వచ్చినప్పుడల్లా నిట్టూర్చే భాషలో 'జన్మ', 'పాపం' అన్న రెండు మాటలను పక్కపక్కన పెడితే మరో అర్థం స్ఫురించదు. కతోలికులు ఆ మాటతో చెప్పదలచినది వేరు. మానవజాతికి మూలపురుషుడైన ఆదాము చేసిన తప్పు ఫలితంగా ప్రతి మనిషీ పుట్టుకతోనే ఒక లోటుతో పుడుతున్నాడన్నది వారి సిద్ధాంతం. పునర్జన్మను అంగీకరించని మతం ఒకటి, పునర్జన్మ వాసన నిండిన మాటలో తన సిద్ధాంతాన్ని చెప్పుకోవలసి వచ్చింది. ఈ చిక్కు ఎంత దూరం పోతుందో చూడటమే ఈ వ్యాసంలో మేము చేయదలచిన పని.

కిన్వట్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని రాయడానికి కారణం ఉంది. ఈ తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనతో నాందేడ్ జిల్లాలో చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు పోతే గోండి, లంబాడీ కూడా చెవిన పడే చోటు ఇది. ఒకే భావం భాష మారితే ఎలా రూపు మార్చుకొంటుందో ఇక్కడి పిల్లలకు పాఠంగా చెప్పనక్కర లేదు, రోజూ అనుభవిస్తూనే ఉంటారు.

ముందు మూలకథకు వెళ్దాం. ఆదికాండం మూడో అధ్యాయంలో సర్పం మాట విని అవ్వ తినకూడని పండు తింటుంది, ఆదాముకు పెడుతుంది, ఇద్దరూ తోటలోంచి వెళ్లగొట్టబడతారు. ఇక్కడ గమనించవలసిన విషయం: ఆ అధ్యాయం మొత్తం మీద హీబ్రూ మూలంలో 'పాపం' అన్న అర్థం గల మాట ఒక్కసారి కూడా రాదు. శాపం అన్న మాట వస్తుంది. అది కూడా సర్పానికి, నేలకే తగులుతుంది. స్త్రీ పురుషులకు శ్రమ, నొప్పి, మరణం విధించబడతాయి గాని వారిని పట్టుకొని 'శపితులు' అనలేదు. 'పాపం' అన్న మాట బైబులులో మొదటిసారి వినిపించేది నాలుగో అధ్యాయంలో, తమ్ముణ్ని చంపబోతున్న కయీనుతో దేవుడు మాట్లాడే చోట. అక్కడ పాపం గుమ్మం దగ్గర పొంచి ఉన్న జంతువులా కనిపిస్తుంది. దాన్ని అదుపులో పెట్టుకోవడం నీ చేతిలోనే ఉందని దేవుడు కయీనుకు చెబుతాడు.

మూడో అధ్యాయం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డవారు కతోలికులు. నాలుగో అధ్యాయం మాటను గట్టిగా పట్టుకొన్నవారు యూద రబ్బీలు. రెండు సంప్రదాయాల మధ్య తేడాను ఇంత క్లుప్తంగా చెప్పడం కొంత మోటుగా ఉన్నా, ప్రవేశానికి ఈ ద్వారం చాలు.

రబ్బీల ఆలోచనకు కేంద్రం 'యేట్సెర్' అన్న హీబ్రూ మాట. కుమ్మరి మట్టికి రూపమివ్వడాన్ని చెప్పే ధాతువు నుంచే ఇదీ పుట్టింది. మనసులో రూపు కట్టే ప్రేరణ అని చెప్పుకోవచ్చు. జలప్రళయ కథకు ముందూ వెనకా మనిషి హృదయంలోని ఈ ప్రేరణ చెడ్డదని ఆదికాండమే రెండుసార్లు అంటుంది. రబ్బీలు దీన్ని రెండుగా విడదీశారు: మంచి ప్రేరణ, చెడు ప్రేరణ. దేవుడు మనిషిని మట్టితో రూపొందించాడని చెప్పే వాక్యంలో క్రియాపదంలో ఒక అక్షరం రెండుసార్లు పడింది. ఆ జంట అక్షరంలోనే రెండు ప్రేరణలూ దాగి ఉన్నాయని తల్మూదు వ్యాఖ్యానం. అంటే చెడు ప్రేరణ ఆదాము పొరపాటు వల్ల లోపలికి చొరబడ్డది కాదు, సృష్టికర్త చేతిలోంచే వచ్చింది. 

ఇంకొక అడుగు ముందుకు వేసి, సృష్టి 'చాలా మంచిది'గా ఉందన్న మాటలో ఆ 'చాలా' అన్నది చెడు ప్రేరణనే సూచిస్తుందని ఒక మిద్రాషు చెబుతుంది. అది లేకపోతే ఎవడూ ఇల్లు కట్టడు, పెళ్లాడడు, పిల్లల్ని కనడు, వ్యాపారం చేయడు అని దాని వాదం. దీనికి తోడు తల్మూదులో ఒక చమత్కారమైన కథ ఉంది. పెద్దలు చెడు ప్రేరణను పట్టి మూడు రోజులు బంధిస్తారు. ఆ మూడు రోజులూ దేశమంతా వెతికినా అప్పుడు పెట్టిన గుడ్డు ఒక్కటీ దొరకదు. కోరికను నిర్మూలిస్తే లోకం ఆగిపోతుందని ఇంతకన్న తేలికగా చెప్పడం కష్టం.

మరి దాన్ని ఏం చేయాలి? చెడు ప్రేరణను నేనే సృష్టించాను, దానికి తోరాను 'తవ్లీన్'గా ఇచ్చాను అని దేవుడు అన్నట్టు తల్మూదులో ఉంది. ఈ మాటను చాలామంది 'మందు' అని అనువదిస్తారు. దాని సాధారణార్థం మాత్రం 'మసాలా'. మా దృష్టిలో మసాలా అన్న అర్థమే ఇక్కడ పదునైనది. మందు రోగాన్ని పోగొడుతుంది. మసాలా వంటలోని దినుసును పోగొట్టదు, దాన్ని తినదగినదిగా చేస్తుంది.

వంశపారంపర్యంగా పాపం దిగివస్తుందన్న ఊహ బైబులులో లేకపోలేదు. తండ్రుల దోషాన్ని మూడు నాలుగు తరాల దాకా విచారిస్తానని పది ఆజ్ఞల్లోనే ఉంది. కాని బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు ప్రవక్త ఈ భావాన్ని నేరుగా ఎదిరించాడు. తండ్రులు పుల్లని ద్రాక్షలు తింటే కొడుకుల పళ్లు పులిశాయని ఆ రోజుల్లో ఒక సామెత చలామణిలో ఉండేది. 'తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్న మన సామెతకు ఇది తలకిందుల రూపం. మన సామెత తాతల గొప్పను అరువు తెచ్చుకొనేవాణ్ని ఎగతాళి చేస్తే, ఆ సామెత తాతల తప్పును మోయవలసి వచ్చినవాడి మొర. ఇక ఆ సామెత చెల్లదని, ఎవడి పాపానికి వాడే బాధ్యుడని యెహెజ్కేలు ప్రకటించాడు. మోషే విధించినదాన్ని యెహెజ్కేలు వచ్చి రద్దు చేశాడని తల్మూదు సంకోచం లేకుండా చెబుతుంది. యూదులు ఉదయం చేసే ప్రార్థనలో, నీవు నాకిచ్చిన ఆత్మ శుద్ధమైనది అన్న భావం గల వాక్యం ఒకటి ఉంది. రోజూ ఆ మాటతో నిద్ర లేచే సంప్రదాయంలో జన్మపాపానికి చోటు దొరకడం కష్టమే.

కతోలిక సిద్ధాంతానికి పునాది పౌలు రోమీయులకు రాసిన లేఖ ఐదో అధ్యాయం. ఒక్క మనిషి ద్వారా పాపం లోకంలోకి వచ్చింది, ఒక్క మనిషి ద్వారానే రక్షణ వచ్చింది అని పౌలు ఆదామునూ క్రీస్తునూ ఎదురెదురుగా నిలబెడతాడు. ఆ అధ్యాయం పన్నెండో వాక్యంలో గ్రీకు మూలానికి 'అందరూ పాపం చేసినందువల్ల' అన్న అర్థాన్నే నేటి పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకొంటారు. పాత లాటిన్ అనువాదం అక్కడ 'అతనిలో అందరూ పాపం చేశారు' అని చదువుకోవడానికి వీలిచ్చింది. లాటిన్‌లో చదివిన అగస్టీను (354–430) ఆ అర్థాన్నే తీసుకొన్నాడు: ఆదాములో మనమందరం ఉన్నాం, అతనితోపాటు మనమూ పడ్డాం. ప్రతి శిశువూ ఆదాములాగే కొత్తగా మొదలవుతాడని వాదించిన పెలాజియస్ పక్షాన్ని 418లో కార్తేజి సభ ఖండించింది. అగస్టీను చేతిలో గట్టి ఆయుధం ఒకటుంది. అప్పటికే సంఘం పసిబిడ్డలకు జ్ఞానస్నానం ఇస్తోంది. వాళ్లలో కడగవలసినది ఏమీ లేకపోతే ఆ స్నానం దేనికి అని అతని ప్రశ్న.

1546 జూన్‌లో ట్రెంటు మహాసభ ఈ సిద్ధాంతానికి కట్టుదిట్టమైన రూపమిచ్చింది. ఆదాము పాపం అనుకరణ వల్ల కాక సంతానక్రమం వల్ల సంక్రమిస్తుందని, జ్ఞానస్నానంతో తొలగుతుందని నిర్ణయించింది. ఆ తరువాత కూడా మనిషిలో మిగిలే కోరిక పాపం వైపు లాగుతుందే గాని తనంతట తాను పాపం కాదని కూడా అదే సభ చెప్పింది. ఈ రెండో నిర్ణయాన్ని మన విద్యార్థులు తరచు మరచిపోతారు. మనిషి స్వభావం పూర్తిగా చెడిపోయిందన్న ప్రొటెస్టెంటు బోధలు తెలుగు నేల మీద ఎక్కువగా వినిపించడంతో కతోలికుల మాటా అదేననుకొంటారు. కతోలికుల లెక్కలో స్వభావం గాయపడింది, నశించలేదు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశం ఇంకా స్పష్టంగా చెప్పింది: దీన్ని పాపమనడం పోలికను బట్టి మాత్రమే, ఇది మనం చేసినది కాదు, మనకు సంక్రమించిన స్థితి, ఆదాము సంతతిలో ఎవరికీ ఇది సొంత దోషం కాదు.

రెండు సంగతులు ఇక్కడ చేర్చాలి. లాటిన్ బైబులుకు రోములో 1979లో వెలువడిన కొత్త అధికారిక పాఠం ఆ పన్నెండో వాక్యాన్ని 'పాపం చేసినందువల్ల' అన్న అర్థం వచ్చేలా సవరించింది. సిద్ధాంతం మాత్రం నిలిచింది. అంటే అది ఒక్క అనువాద దోషం మీద కట్టిన భవనమని తేల్చడం తొందరపాటు. మరొకటి, జ్ఞానస్నానం పొందకుండా చనిపోయిన శిశువుల గతి ఏమిటన్న ప్రశ్న. శతాబ్దాలపాటు వారికి 'లింబో' అనే మధ్యస్థానాన్ని ఊహించారు. వారి రక్షణ కోసం ఆశపడటానికి తగిన ఆధారాలు ఉన్నాయని 2007లో వాటికను వేదశాస్త్ర సంఘం ఒక పత్రంలో చెప్పింది. సిద్ధాంతం కఠినంగా ఉన్న చోట దాన్ని మెత్తబరచిన బలం తల్లుల దుఃఖానిదని మాకు తోస్తుంది.

'యూదులకు జన్మపాపం లేదు, కతోలికులకు ఉంది' అని ఒక గీత గీసి ముగించే వ్యాసాలు చాలా ఉన్నాయి. మేము ఆ గీతను కొంచెం చెరపవలసి ఉంది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలిన తరువాత రాసిన రెండు యూద గ్రంథాలను చూడండి. ఎజ్రా పేరు మీద ఉన్నది, ఆదామా నీవెంత పని చేశావు, పడినది నీవొక్కడివే కాదు అన్న ధోరణిలో ఏడుస్తుంది. బారూకు పేరు మీద ఉన్నది, మనలో ప్రతివాడూ తనకు తానే ఆదాము అని వాదిస్తుంది. సర్పం అవ్వలో మలినం చొప్పించిందని, సీనాయి దగ్గర అది ఇశ్రాయేలీయులను విడిచిపోయిందని తల్మూదులోనే ఒక అభిప్రాయం ఉంది. ఆదాము ఆత్మలో అందరి ఆత్మలూ ఉన్నాయని, అతని పతనంతో చెదిరిపోయాయని 16వ శతాబ్దపు సఫెదు మార్మికులు చెప్పారు. కాబట్టి ఆ ఊహ యూదులకు తెలియనిది కాదు. తెలిసీ దాన్ని కేంద్రంలో కూర్చోబెట్టలేదు. కతోలికులు కూర్చోబెట్టడానికి కారణం క్రీస్తు. వారు మందును ముందు చూసి, తరువాత రోగాన్ని గుర్తించారు. ఈస్టరు జాగరణ రాత్రి పాడే స్తుతిలో, ఇంతటి రక్షకుణ్ని తెచ్చిపెట్టిన ఆదాము దోషాన్ని ధన్యమైనదిగా పొగుడుతారు. ఆ వెలుతురులో తప్ప జన్మపాపం కతోలికుడికి అర్థం కాదు.

ఈ తేడాను కిన్వట్ విద్యార్థులకు చెప్పడానికి మాకు దగ్గరి దారి మాహూరు కొండ. అక్కడి రేణుకాదేవి కథ వారందరికీ తెలుసు. నీళ్లకు వెళ్లిన రేణుక జలక్రీడలాడుతున్న గంధర్వరాజును చూస్తుంది. మనసు ఒక్క క్షణం చలిస్తుంది. ఆమె ఏమీ చేయలేదు. ఐనా జమదగ్ని ఆమె తల నరకమంటాడు, పరశురాముడు నరుకుతాడు, వరం అడిగి తిరిగి బ్రతికించుకొంటాడు. ఈ కథను రెండు సంప్రదాయాల ముందు పెట్టి చూద్దాం. ఆ చలనం దేవుడు పెట్టినదే, లొంగకపోతే అదే ఆమె ఘనత అంటాడు రబ్బీ. ఆ చలనం గాయం గుర్తు, సమ్మతి లేనిదే పాపం లేదు అంటాడు ట్రెంటు సభ పండితుడు. జమదగ్ని తీర్పును ఇద్దరూ ఒప్పుకోరు. పాపం మూలం దగ్గర ఎంత వేరుగా ఉన్నా, పాపం హద్దు దగ్గర ఇద్దరూ ఇంత దగ్గరగా నిలబడతారని ఈ కథ వల్లనే మాకు తెలిసింది. ఎల్లమ్మగా ఆమెను కొలిచే జనం కూడా జమదగ్ని పక్షాన లేరు. గుడి కట్టింది రేణుకకు.

ఇప్పుడు మళ్లీ మాట దగ్గరికి వద్దాం. 'జన్మపాపం' అన్న తెలుగు మాట గ్రంథాల్లోనే ఉండిపోతే ఇంత చర్చ అవసరం లేదు. పుట్టుకను బట్టి మనిషిని మైలగా ఎంచిన సమాజంలోకి ఆ మాట వచ్చింది. దుష్ట ప్రవర్తన గలవారు కుక్కగా, పందిగా, చండాలుడుగా పుడతారని ఛాందోగ్యోపనిషత్తులో ఉంది. అంటే అంటరానివాడి పుట్టుకే అతని పాపానికి సాక్ష్యం. 1941లో వచ్చిన జాషువ 'గబ్బిలం' ఈ తర్కం మీదనే తిరగబడింది. ఇలాంటి చోట ఒక ఉపదేశి వాడకొచ్చి 'నీవు జన్మపాపంతో పుట్టావు' అంటే వినేవాడికి ఏమి వినిపించి ఉంటుంది? పాత మాటే కొత్త గొంతుతో వినిపించి ఉండవచ్చు.

కాని అదే ఉపదేశి ఇంకొక మాట కూడా అన్నాడు: దొరా, కరణమూ, బ్రాహ్మడూ అదే పాపంతో పుట్టారు. ఇది పాత తర్కానికి పూర్తిగా విరుద్ధం. కర్మ సిద్ధాంతంలో పుట్టుక మనుషులను మెట్ల మీద నిలబెడుతుంది. జన్మపాపం అందరినీ ఒకే నేల మీద నిలబెడుతుంది. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఎవరికీ వేరే గ్లాసు లేదు. ఆచరణలో మాట నిలిచిందా అన్నది వేరే ప్రశ్న. దళితుల పట్ల వివక్ష తమ సంఘంలోనే ఉందని భారత కతోలిక పీఠాధిపతులు 2016లో వెలువరించిన విధాన పత్రంలో ఒప్పుకొన్నారు. దళిత కుటుంబంలో పుట్టిన తెలుగువాడు, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి ఆ పదవికి చేరిన మొదటివాడాయనే.

రెండో దారి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కనిపిస్తుంది. మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతి అని ప్రకటించుకొని యూదాచారాలు పాటిస్తున్నాయి. అంతకు ముందు వారు క్రైస్తవులు. 1991లో అక్కడ ప్రార్థనామందిరం వెలిసింది. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరులు దీనికి నాయకులు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ ఈ సంఘం మీద 2013లో ఒక గ్రంథం ప్రచురించారు. వారి వంశచరిత్ర నిజమా అన్న చర్చలోకి మేము పోవడం లేదు. పాపం గురించి వారి బోధ ఇదీ అని చెప్పడమూ మా ఉద్దేశం కాదు. మాకు ఆసక్తి కలిగించేది వారు ఎన్నుకొన్న దిక్కు. పుట్టుకలో మచ్చ అందరికీ ఉందన్న సమానత్వం ఒకటి. పుట్టుకలో మచ్చే లేదన్న సమానత్వం ఇంకొకటి. ఊరి చివర పుట్టిన మనిషి లేచి 'నాకిచ్చిన ఆత్మ శుద్ధమైనది' అనగలిగితే ఆ మాట బరువు వేరు. ఐతే ఇక్కడా ఒక మెలిక ఉంది. మచ్చను కాదనడానికి వారు ఆశ్రయించినది కూడా పుట్టుకనే, ఒక వంశాన్నే. పుట్టుక మీది పోరాటం పుట్టుకను వదిలిపెట్టడం ఎంత కష్టమో దీని వల్ల తెలుస్తోంది.

సాహిత్య విద్యార్థికి ఇక్కడ చేయవలసిన పని చాలా మిగిలి ఉంది. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను 'వేదాంత రసాయనం' పేరుతో పద్యకావ్యంగా రాశాడు. ఆ పేరులోనే క్రైస్తవ ధర్మాన్ని వేదమన్న ఆనాటి వాడుక ఉంది, రసాయనమన్న మాటలో రోగం, మందు అన్న కతోలిక చూపూ ఉంది. అంతకు ముందే 1616లో తోమస్ స్టీఫెన్స్ అనే జెసూటు పాదిరి గోవాలో మరాఠీ ఓవీల్లో 'క్రిస్తపురాణం' అచ్చు వేయించాడు. అందులో మొదటి భాగం ఆదాము పతనం నుంచి పాత నిబంధన కథలు చెబుతుంది. కొంకణపు బెనె ఇశ్రాయేలు యూదులు 19వ శతాబ్దం చివర బైబులు కథలను మరాఠీ కీర్తనలుగా పాడుకొన్నారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకొని, ఆదాము తప్పుకు ఎవరు ఏ మాట వాడారో, ఆ మాట వెనక ఏ పురాణపు నీడ ఉందో వెతకాలి. గుంటూరు విద్యార్థికి మరాఠీ రాదు, పూనా విద్యార్థికి తెలుగు రాదు. కిన్వట్ విద్యార్థికి రెండూ వచ్చు.

మా అభిప్రాయం చెప్పి ముగిస్తాం. అనువాదంగా 'జన్మపాపం' బలహీనమైన మాట. 'ఆదిపాపం' అన్న మరో మాట కొంత నయం, అది కనీసం కథ వైపు వేలు చూపిస్తుంది. కాని మాట మార్చినంత మాత్రాన చిక్కు విడిపోదు. యూదుణ్ని చదివినా కతోలికుణ్ని చదివినా చివరికి మిగిలే ప్రశ్న ఒకటే: ఒకడి తప్పును ఇంకొకడి పుట్టుక మీద రాయవచ్చా? యెహెజ్కేలు రాయవద్దన్నాడు. అగస్టీను రాసి, ఆ రాతను తుడిచే నీళ్లు కూడా చూపించాడు. మన సమాజం శతాబ్దాలపాటు రాసింది, తుడిచే నీళ్లు మాత్రం చూపించలేదు. 'జన్మపాపం' అన్న మాటను తెలుగులో చదివేటప్పుడు ఈ మూడో రాతను కూడా చదవాలని మా విద్యార్థులకు మేము చెబుతున్నాం.